కుంకీలు వచ్చాయి సరే, ఏనుగుల దారుల సంగతేమిటి?

2025 మే 21న బెంగళూరు విధానసౌధ వద్ద కర్ణాటక ముఖ్యమంత్రి సిద్దరామయ్య నాలుగు కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌కు అప్పగించారు. తుంగభద్ర నీళ్ల దగ్గర పేచీ పడే రెండు రాష్ట్రాలు ఏనుగుల విషయంలో చేయి కలపడం సరిహద్దు తెలుగువాళ్లమైన మనకు సంతోషమే. 1953లో ఆలూరు, ఆదోని, రాయదుర్గం అటు, బళ్లారి ఇటు అయినా మన చుట్టరికాలు తెగలేదు. ఏనుగుల నడకా అంతే, రాష్ట్రాల గీత దగ్గర ఆగదు.

మన చుట్టుపక్కల అడవి ఏనుగుల గుంపులు లేవు. మనకు ఏనుగంటే హంపి విరూపాక్షుడి గుడిలోని లక్ష్మి, అక్కడి గజశాల. పలమనేరు, కుప్పం రైతుకు మాత్రం అది రాత్రి నిద్ర పట్టనివ్వని భయం. 1980లలో కర్ణాటక, తమిళనాడు అడవుల నుంచి ఏనుగులు అటు రావడం మొదలైంది. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది.

కుంకీ అంటే శిక్షణ పొందిన ఏనుగు. మావటి చెప్పినట్టు నడిచి, పొలంలో దిగిన గుంపును అడవిలోకి మళ్లిస్తుంది. అంతవరకే దాని పని. అడవిలో మేత, నీళ్లు చాలకపోతే ఆ గుంపు చెరకు, అరటి తోటలకు మళ్లీ వస్తుంది.

ఏనుగులను చంపుతున్నవి వేరే ఉన్నాయి. 2023 మేలో పార్వతీపురం మన్యం జిల్లా కాట్రగడ దగ్గర కరెంటు షాక్‌తో నాలుగు ఏనుగులు చనిపోయాయి. మరుసటి నెలలోనే పలమనేరు సమీపాన జాతీయ రహదారిపై వాహనం ఢీకొని మూడు చనిపోయాయి. మనుషులకూ క్షేమం లేదు. 2025 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లా గుండాలకోన వద్ద శివరాత్రికి అడవిదారిన వెళ్తున్న భక్తుల్లో ముగ్గురు ఏనుగుల దాడిలో ప్రాణాలు కోల్పోయారు.

కాబట్టి రెండు ప్రభుత్వాలనూ మనం అడగాల్సింది కుంకీల లెక్క ఒక్కటే కాదు. వేలాడే కరెంటు తీగలను ఎత్తు చేశారా? ఏనుగులు దాటే చోట రాత్రివేళ వాహనాల వేగం తగ్గించారా? పంట పోయిన రైతుకు పరిహారం సకాలంలో అందుతోందా? పరిహారం ఆలస్యమైతే విసిగిన రైతు పొలం చుట్టూ దొంగ కరెంటు తీగ కడతాడు. దానికి ఏనుగూ బలే, దారిన పోయే మనిషీ బలే.

రెండు భాషలూ వచ్చిన వాళ్లం, రెండు వైపులా బంధువులున్న వాళ్లం. ఈ ప్రశ్నలు కన్నడంలోనూ తెలుగులోనూ అడగగలిగేది మనమే.