తురకోడి చెయ్యి



పోయిన ఎండాకాలం సెలవుల్లో మా సాలే సాబ్ పిలిస్తే రోమ్ వెళ్ళొచ్చాం. నేనూ, మా బేగమ్, టెన్త్ పరీక్షలు రాసిన మా బిటియా. రోమ్ సఫర్‌నామా రాసేవాళ్ళు బహుత్ ఉన్నారు, నేను రాయను. అక్కడి నుంచి ఒకరోజు పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చిన ఒక చిన్న ఊరుంది. దాని పేరు గయెతా. ఆ ఊరి కొండ, ఆ కొండ లోపల రాతి మీద ఒక చెయ్యి. ఈ పూట అదొక్కటే చెప్తాను.

గయెతా రోమ్‌కూ నేపుల్స్‌కూ మధ్య సమందర్ ఒడ్డున ఉంది. ఊళ్ళోకి రైలు లేదు. ఫోర్మియా అనే పక్క ఊళ్ళో దిగి బస్సెక్కాలి. నేల సముద్రంలోకి చెయ్యి చాపినట్టు పోతుంది. ఆ చివర పాత ఊరు, పైన కిలా, దాని వెనక మోంతె ఓర్లాందో అనే పహాడ్. ఆ కొండ నెత్తిన ఈసా అలైహిస్సలాం కంటే ముందు కాలపు రోమన్ జనరల్ ప్లాంకస్ మక్బరా గుండ్రంగా కూర్చునుంది. కిందకొస్తే సగం కొండ మీద సెయింట్ ఫ్రాన్సిస్ పేరున పెద్ద చర్చి, దానికి దర్బార్ మెట్లలాంటి మెట్లు. ఈ ఫ్రాన్సిస్ అనే దర్వేష్ 1219లో, సలీబీ జంగ్ నడుస్తుండగా, ఈజిప్టులో దమియెత్తా దగ్గర సుల్తాన్ అల్ కామిల్ ఖేమాకు పోయి మాట్లాడి ప్రాణాలతో వెనక్కొచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు మార్చలేకపోయారు. ఇది తారీఖ్‌లో ఉన్న మాట. ఆయన ఆ తర్వాత 1222లో గయెతా వచ్చాడని ఊరోళ్ళు చెప్పుకుంటారు.

కొండకు సముద్రం వైపున్న గుడి పేరు సాంతిస్సిమా త్రినితా. దాన్ని ‘మొంతాన్యా స్పక్కాతా’ అంటారు, అంటే పగిలిన కొండ. నిజంగానే కొండ పైనుంచి నీళ్ళ దాకా నిలువునా చీలి ఉంది. ఆ చీలిక మధ్యలో మెట్లు. దిగుతూ పోతే పైనుంచి పడి రెండు గోడల మధ్య ఇరుక్కున్న ఒక బండ, ఆ బండ మీద చిన్న చాపెల్. కింద సముద్రం కొట్టుకుంటున్న చప్పుడు. సుబ్‌హానల్లా అనకుండా ఉండలేకపోయాను.

క్రైస్తవుల నమ్మకం ఏమంటే, ఏసు సలీబ్ మీద ప్రాణం విడిచిన ఘడియలో భూమి కంపించి రాళ్ళు పగిలాయని ఇంజీల్‌లో ఉంది కదా, ఈ కొండ కూడా అప్పుడే చీలిందని. సాలే సాబ్ ముందు, మేం వెనక. ఒకచోట జనం ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు. గోడలో, రాతిలోకి దిగిపోయిన అరచెయ్యి గుర్తు. అయిదు వేళ్ళు. పక్కన లాటిన్‌లో చెక్కిన రెండు పంక్తులు. దాని పేరు ‘మానో దెల్ తుర్కో’.

తుర్కో చెయ్యి. అంటే తురకోడి చెయ్యి.

కిస్సా ఇది. ఎప్పుడో ఒక తుర్కు జహాజీ ఇక్కడికొచ్చాడట. కొండ పగిలింది ఏసు కోసమే అంటే నమ్మలేదట. అదే నిజమైతే ఈ రాయి నా చేతికింద మెత్తబడాలి అని గోడకు చెయ్యి ఆనించాడట. రాయి మైనంలా లొంగి చెయ్యి దిగిపోయిందట. మున్కిర్ నోరు మూతపడింది, ఈమాన్‌దార్లకు సబూత్ దొరికింది.

బిటియా నా కుర్తా పట్టుకుని లాగింది. “హమారే కో బోల్రే క్యా అబ్బా?” అంది. మనల్నేనా అంటున్నారు అని.

నేను వెంటనే జవాబ్ ఇవ్వలేదు.

ఎందుకంటే ఆ పిల్లకు తెలియని ఒక మాట నాకు తెలుసు. అది హైదరాబాద్‌లో పెరిగింది, ఇంగ్లిష్ మీడియం. నేను నల్లగొండలో ఉర్దూ మీడియం బడికి పోతున్నప్పుడు దారిలో పిల్లలు ‘తురకోళ్ళు వస్తున్రు’ అనేవాళ్ళు. మాది తురక భాష, మాది తురక గల్లీ. మా తాతల తాతల్లో ఎవ్వరూ టర్కీ ముఖం చూసుండరు. డిగ్రీలో తెలుగు తీసుకుంటానంటే ఒక లెక్చరర్ సార్ నవ్వి, తురకోడివి నీకెందుకయ్యా తెలుగు అన్నాడు. గయెతాలో కూడా ఇదే లెక్క. అక్కడి ‘తుర్కో’ అల్జీర్స్ నుంచొచ్చినా, ట్యునిస్ నుంచొచ్చినా తుర్కోయే. ముస్లిం అయితే చాలు. ఇప్పటికీ ఏదన్నా గాబరా పడితే ‘అమ్మో తుర్కులు’ అనే మాట ఇటలీ వాళ్ళ నోట ఉందని సాలే సాబ్ చెప్పాడు. ఆరు వేల కిలోమీటర్ల పైన దూరం పోయి నా చిన్నప్పటి గల్లీలోనే దిగినట్టయింది.

ఆ కోపంలో అక్కడే ఫోన్ తీసి నాలుగు మాటలు రాసేసి ఉంటే మీలో సగం మంది శభాష్ అనేవాళ్ళు. ఫొటో మాత్రం మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గంటలో రెండు రకాల జవాబులు. ‘ఇది మన తౌహీన్, ఎంబసీకి రాయి’ అని ఒకరు. ‘అసలు గిర్జాకు పిల్లను ఎందుకు తోల్కపోయినవ్’ అని ఒకరు. ఈ రెండిటికీ నా దగ్గర ఒప్పుకోలు లేదు. ఎందుకో చెప్తాను.

ఆ చెయ్యి ఎవరిదో మొదట చూద్దాం. కిస్సాలో తుర్కు ఏమన్నాడు? ఈసా అలైహిస్సలాం సలీబ్ మీద పోయారన్నది నమ్మను అన్నాడు. ఆయన్ని సలీబ్ మీద చంపలేదన్నది మన అఖీదా. ఆ జహాజీ ఎవడో గానీ తన దీన్ ప్రకారమే మాట్లాడాడు. కిస్సా అల్లినవాళ్ళకు ఆ సంగతి తెలుసో లేదో. వాళ్ళకు కావల్సింది కాదనే మనిషి ఒకడు. ఇంకో మాట, ఆ కిస్సాలో సవాల్ అడిగింది అతనొక్కడే. అడగడం గునాహ్ ఏమీ కాదు. మృతుల్ని ఎట్లా బతికిస్తావో చూపించు యా రబ్, నా దిల్ కుదుటపడాలి అని అడిగింది ఇబ్రాహీం అలైహిస్సలాం. చూడాలని అడిగితే కొండ తునకలైంది మూసా అలైహిస్సలాం ముందర. అందుకని బిటియాకు చివరికి నేను చెప్పిన జవాబ్ ఇది: “అవున్ బేటా, మనల్నే. కానీ చూడు, అందరిలో అడిగినోడు అతనే.”

సాలే సాబ్‌కు ఇటాలియన్ బాగా వచ్చు. బయట తస్బీలు, మైనపు వత్తులు అమ్మే ముసలాయన్ని ‘అతని పేరేంటి’ అని అడిగాడు. ముసలాయన భుజాలెగరేసి “ఉన్ తుర్కో” అన్నాడు. ఎవడో ఒక తుర్కు. పేరు లేదు. తర్వాత ఏమయ్యాడో కూడా చెప్పలేదు.

ఇక తౌహీన్ సంగతి. ఊరు పూర్తిగా తిరిగినాక నాకు అర్థమైంది ఏమంటే, గయెతాకు ముస్లింలతో ఉన్న రిష్తా ఆ చెయ్యంత సీదాగా లేదు. తొమ్మిదో సదీ చివర్లో ఈ ఊరి హాకిమ్ దొచీబిలిస్ పోప్‌తో జగడం పడి ముస్లిం సిపాయీలతో దోస్తీ చేశాడు. వాళ్ళు పక్కనే గరిల్యానో నది దగ్గర ముప్ఫై ఏళ్ళ పైన బస్తీ వేసుకుని ఉన్నారు. ఆ ఏళ్ళలో వాళ్ళు చుట్టుపక్కల మఠాలు దోచారు, కాల్చారు. అది దాచిపెట్టడంలో అర్థం లేదు. 915లో పదో జాన్ పోప్ అందర్నీ కూడగట్టి వాళ్ళను తుడిచిపెట్టాడు. అప్పుడు పోప్ పక్కన నిలబడ్డవాళ్ళలో గయెతా హాకిమ్, దొచీబిలిస్ కొడుకే ఉన్నాడు. తండ్రి పిలిచినోళ్ళను కొడుకు పంపించాడు. 1571లో లెపాంటో జంగ్‌లో ఉస్మానీ నౌకాదళం ఓడిపోయింది కదా, అప్పుడు పోప్ ఇచ్చిన రేష్మీ జెండా ఇప్పటికీ గయెతాలోనే దాచుకున్నారు.

అదే ఊళ్ళో కెథెడ్రల్ గంటల మీనార్ చూడండి. 1148లో మొదలై 1279లో పూర్తయింది. పైన ఒక కమాన్‌లోకి ఒక కమాన్ అల్లుకున్నట్టు ఉంటాయి, మధ్యలో రంగురంగుల పింగాణీ. సిసిలీలో అరబ్ ఉస్తాదులు, నార్మన్ రాజుల కాలంలో పెరిగిన పనితనం అది. మా బేగమ్ తల పైకెత్తి, “ఏ కొండమీద చెయ్యి పెట్టి తిట్టారో, వాళ్ళ పనే కదా నెత్తిన పెట్టుకున్నరు” అంది.

తెలుగు చదివిన నాకు దీంట్లో తాజ్జుబ్ ఏమీ లేదు. మన శాసనాల్లో తురుష్కులు అంటే దుష్మన్‌లే. విలస తామ్రశాసనం చదివితే తెలుస్తుంది. కానీ అదే తురుష్కులతో కొట్లాడి ఓరుగల్లు తీసుకున్న ముసునూరి కాపయ నాయకుడు తనకు పెట్టుకున్న బిరుదు ఏంటి? ‘ఆంధ్ర సురత్రాణ’. సురత్రాణ అంటే సుల్తానే. దుష్మన్ గద్దె పేరు బిరుదై కూర్చుంది. అందుకని ఒక కిస్సానో ఒక పంక్తినో పట్టుకుని ఇదిగో మనమంటే వీళ్ళకు పడదు అని తేల్చేసేవాళ్ళను నేను నమ్మను, వాళ్ళు మనోళ్ళైనా సరే.

ఇంకో మాట చెప్పాలి, ఇది కొంచెం చేదు. ఆ చెయ్యి చూస్తున్నంతసేపూ నాకు గుర్తొచ్చింది మౌలా అలీ పహాడ్. మన హైదరాబాద్ కొండ. ఇబ్రాహీం కుతుబ్ షా జమానాలో, 1578లో, యాకూత్ అనే దర్బార్ ఖ్వాజాసరాకు ఖాబ్ వచ్చింది. ఆకుపచ్చ బట్టల మనిషి కొండ మీదికి తోల్కపోతే అక్కడ హజ్రత్ అలీ రాతి మీద చెయ్యి ఆనించుకుని కూర్చునున్నారట. తెల్లారి పోయి చూస్తే రాతి మీద చెయ్యి గుర్తు. రజబ్ నెలలో ఆ మెట్లు ఎంతమంది ఎక్కుతారో, అందులో హిందూ ఖాందాన్‌లు ఎన్నో మీకు తెలుసు. మా అమ్మీ మన్నత్ అక్కడిదే. రాతి మీద చెయ్యి మన కొండ మీదుంటే కరామత్, వాళ్ళ కొండ మీదుంటే కట్టుకథ అని నవ్వడానికి నాకు నోరు రాలేదు. మౌలా అలీ కిస్సాలో ఓడిపోయేవాడు ఎవడూ లేడు, అది దాని ఖూబీ.

కానీ మనకూ ఓడిపోయేవాడున్న కిస్సాలు తక్కువేం లేవు. అజ్మీర్ ఖ్వాజా సాహెబ్ మీద జాదూ చెయ్యడానికొచ్చి ఓడి, కాళ్ళ మీద పడి కలిమా చదివిన అజైపాల్ జోగి కిస్సా వినని పిల్లాడు మన ఇళ్ళల్లో ఉన్నాడా? ఖ్వాజా సాహెబ్ విసాల్ అయిన చాలాకాలానికి రాసిన తజ్‌కిరాల్లో ఈ కిస్సా పెరుగుతూ వచ్చింది. ఆ బుజుర్గ్ అజ్మత్‌కు ఈ జోగి ఓటమి అవసరమే లేదు, ఎనిమిది వందల ఏళ్ళుగా ఆకలిగొన్నోళ్ళకు అన్నం పెడుతున్న దర్‌బార్ అది. అయినా ఉర్సు బయాన్‌లో ఆ ఘట్టం వచ్చేసరికి గొంతు పెరుగుతుంది, జనం నారా కొడతారు. వెనక వరసలో మొక్కుకోవడానికొచ్చిన హిందూ బెహెన్ కూర్చుని ఉంటుంది. ఆమె కూతురు ఆమె చీర కొంగు లాగి ‘మనల్నేనా అమ్మా’ అని అడిగితే? ఈ సవాల్ గయెతా పోకముందు నాకు రాలేదు. సిగ్గుగానే ఉంది, ఒప్పుకుంటున్నా.

కాబట్టి ఎంబసీకి రాయమన్న భాయ్‌కు నా జవాబ్: నేను రాయను. ఆ రాయి చెక్కెయ్యమని అడిగే హక్ నాకు లేదు. ఆ పేరు లేని తుర్కు ఎవరో, ఏ అఖీదా మీద నిలబడ్డాడో పక్కన రెండు వాక్యాలు రాసి పెడితే సంతోషం. అంతకుముందు మన బయాన్‌ల నుంచి జోగి మెడ వంచే ఘట్టం తీసెయ్యమని మన మౌలానా సాబ్‌లను నేను అడుగుతాను. అడిగాను కూడా, ఒకాయన ఆలోచిద్దాం అన్నారు, ఒకాయన నా ఈమాన్ మీద షక్ పడ్డారు.

గిర్జాకు ఎందుకు పోయినవ్ అన్న ఫుఫీజాన్‌కు: ఆ గుడి బాగోగులు చూసేది పీమె అనే ఇటలీ మిషనరీ జమాత్. 1850లలో నిజాం హైదరాబాద్‌కు వచ్చిన మిలాన్ ఫాదర్లు వీళ్ళే. గన్‌ఫౌండ్రీలో మీరు రోజూ ముందునుంచి ఆటోలో పోయే సెయింట్ జోసఫ్ చర్చి కట్టింది వీళ్ళే. వాళ్ళు మన ఊరికొచ్చి ఉన్నారు, మనం వాళ్ళ ఊరు ఒకపూట చూసొచ్చాం. జుహర్ కొండ మీదే, చెట్టుకింద కసర్ చదువుకున్నాం. బేగమ్‌కు కొంచెం డర్ వేసింది గానీ ఎవరూ ఏమీ అనలేదు. ఖానా సంగతి కూడా చెప్తాను, మీరు అడుగుతారు కనుక. ఆ ఊరి ఫేమస్ తిండి తియెల్లా. రెండు రొట్టెల మధ్య కూరి కాల్చేది. ఎక్కువ ఆక్టోపస్‌తోనే చేస్తారు, మనం హనఫీలం, అది కుదరదు. ఆకుకూర, గయెతా ఆలివ్‌లు పెట్టింది తిన్నాం. బాగుంది, ఉప్పు కాస్త ఎక్కువ.

వచ్చాక నల్లగొండ పోయాం. రాత్రి అమ్మీ, ఆరేళ్ళ మా తమ్ముడి కొడుకును పక్కలో వేసుకుని అజైపాల్ జోగి కిస్సా మొదలుపెట్టింది. బిటియా తలగడ మీద మోచెయ్యి ఆనించి అంతా విన్నది. అయిపోయాక, “దాదీమా, జోగి ఇంటోళ్ళు వాళ్ళ పిల్లలకు ఈ కిస్సా ఎట్ల చెప్పుకుంటరు?” అని అడిగింది.

అమ్మీ కొంచెంసేపు ఖామోష్‌గా ఉంది. తర్వాత, “లైట్ ఆపు, బచ్చా పండుకున్నడు” అంది. బచ్చా పండుకోలేదు.