చిన్న రన్‌వే ఎవరి కోసం?



కొచ్చిలో విమానం ఎక్కితే గంటన్నర సేపు కింద సముద్రం తప్ప మరేమీ కనబడదు. ఆ తరువాత ముదురు నీలం మధ్యలో లేత ఆకుపచ్చ నీళ్లు, వాటిని ఆనుకొని కొబ్బరిచెట్లతో నిండిన సన్నని దీవి కనబడతాయి. అదే లక్షద్వీప్‌లోని అగత్తి. దీవి పొడవు సుమారు 7 కిలోమీటర్లు, వెడల్పు మహా అయితే ఒక కిలోమీటరు. దక్షిణపు కొసన దాదాపు 1,200 మీటర్ల రన్‌వే ఉంది. దిగేటప్పుడు రెండు పక్కలా నీళ్లే.

అక్కడ పెద్ద జెట్ విమానాలు దిగలేవు. ఏటీఆర్ వంటి ప్రొపెల్లర్ విమానాలే వస్తాయి. రన్‌వే పొట్టిది కాబట్టి వాటికీ బరువు లెక్క తప్పదు. 2024 జనవరిలో ప్రధానమంత్రి ఆ దీవులకు వెళ్లి వచ్చాక అందరి చూపూ అటు మళ్లింది. రన్‌వే పెంచాలి, పెద్ద విమానాలు రావాలి అనే మాట బలపడింది.

పెంచవద్దని మేము అనడం లేదు. ఎవరి కోసం అని మాత్రం అడుగుతున్నాం.

లక్షద్వీప్‌లో జనం నివసించే దీవులు పది. విమానం దిగే చోటు ఈ ఒక్కటే. 2011 లెక్కల ప్రకారం అక్కడి జనాభా 64 వేల పైచిలుకు. పెద్ద జబ్బు చేస్తే కొచ్చికి పోవాలి. ఓడలో అయితే ఒక రాత్రంతా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అత్యవసరమైతే హెలికాప్టర్ రావాలి. వానాకాలంలో సముద్రం పొంగితే ఆ దారులూ కష్టమే. రోగిని డోలీలో మోసిన ఊళ్లవారికి ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు.

ఇంకో సంగతి. కిటికీలోంచి మనం మురిసిపోయి చూసే ఆ లేత రంగు నీళ్ల చుట్టూ పగడపు దిబ్బ ఉంది. పెద్ద అలలను విరగ్గొట్టి దీవిని కాచేది అదే. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న నేలకు వేరే గోడ లేదు. రన్‌వే కోసం దానిని పాడుచేస్తే ఇంటి గోడ పడగొట్టి వాకిలి వెడల్పు చేసుకున్నట్టే.

కాబట్టి మా మాట ఇది. ఎన్ని మీటర్లు పెంచాలో పర్యాటకుల సంఖ్యను చూసి తేల్చకూడదు. ముందు దీవి రోగికి, చదువుకోను వెళ్లే పిల్లకు సీటు దొరకాలి. ఆ తరువాతే విహారానికి వచ్చేవారు. మనం ఎప్పుడైనా అక్కడికి వెళ్తే, అది ఒకరి ఊరు అని గుర్తుంచుకుని, అతిథుల్లా దిగుదాం.