మంచినీటి లైను మార్చండి, మా పిల్లల కడుపులు కాపాడండి

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,
బస్తీవాసులందరం నమస్కరించి సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: మోరీని ఆనుకుని పోతున్న మంచినీటి లైను మార్పు, హెచ్. పైలోరీ పరీక్ష, వైద్యం బస్తీ దవాఖానాలోనే అందించడం గురించి.

అయ్యా,

మా గల్లీల్లో కడుపుమంట, పుల్లటి తేన్పులు, అల్సర్ బాధ లేని ఇళ్లు తక్కువ. తాతకు ఉంది, తండ్రికి ఉంది, ఇప్పుడు కొడుకుకీ వచ్చింది. దాంతో దవాఖానాకు వెళితే "మీ వంశంలోనే ఉంది, కారం తగ్గించండి" అని చెప్పి పంపేస్తున్నారు. ఆ మాటతో మేం సరిపెట్టుకోలేం.

అల్సర్లకు ప్రధాన కారణాల్లో ఒకటైన హెలికోబాక్టర్ పైలోరీ (హెచ్. పైలోరీ) అనే బాక్టీరియాను 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ కనుగొన్నారు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. కడుపు క్యాన్సర్‌కూ ఇది కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే ప్రకటించింది. సోకిన ప్రతివారికీ జబ్బు ముదరదు. కానీ ఇది ఎక్కువగా చిన్నతనంలోనే సోకుతుంది, మందులు వాడకపోతే ఏళ్ల తరబడి కడుపులోనే ఉండిపోతుంది.

వంశానికి ఇందులో పాత్ర లేదని మేం అనడం లేదు. దగ్గరి రక్తసంబంధీకుల్లో కడుపు క్యాన్సర్ ఉంటే ముప్పు పెరుగుతుంది. అయితే ఒకే ఇంట్లో తరతరాలకూ ఈ జబ్బు కనిపించడానికి రక్తమొక్కటే కారణం కాదు. ఇరుకు గదిలో తల్లి నుంచి బిడ్డకు, అన్న నుంచి తమ్ముడికి బాక్టీరియా పాకుతుంది. జపాన్‌లో 1950కి ముందు పుట్టినవారిలో ఇది చాలా ఎక్కువ, వారి మనవల తరంలో చాలా తక్కువ. ఆ మధ్యకాలంలో అక్కడి ప్రజల వంశం మారలేదు. నీళ్లు, మురుగు పారుదల, ఇళ్లు మారాయి. మన హైదరాబాద్‌లో జరిగిన అధ్యయనంలోనూ నల్లా నీళ్లు తాగేవారికంటే బావి నీళ్లు తాగేవారిలోనే ఈ ఇన్ఫెక్షన్ ఎక్కువగా కనిపించింది. మా బస్తీలో నల్లా నీళ్లకే మురుగు వాసన వస్తోంది. అందుకే ఈ కింది డిమాండ్లను తమ ముందుంచుతున్నాం.

1. మంచినీటి లైనుకూ మురుగు లైనుకూ మధ్య 3 మీటర్ల ఎడం ఉండాలని కేంద్ర ప్రభుత్వ తాగునీటి మాన్యువల్ చెబుతోంది. మా గల్లీల వెడల్పే అంత లేదు. అలాంటి చోట మంచినీటి పైపు అడుగు, మురుగు పైపు పైభాగానికి కనీసం అర మీటరు ఎత్తున ఉండాలన్నదీ ఆ మాన్యువల్‌లోని నిబంధనే. దాని ప్రకారం కొత్త లైను వేయాలి.

2. రోజు విడిచి రోజు నీళ్లొదలడం మానుకోవాలి. పైపు ఖాళీగా ఉన్నప్పుడే పగుళ్లలోంచి మురుగు లోపలికి చేరుతుంది. రోజూ తగినంత ప్రెషర్‌తో నీళ్లివ్వాలి.

3. లైను చివరి ఇళ్ల నల్లాల దగ్గర క్లోరిన్ పరీక్ష చేయాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది భారతీయ ప్రమాణం. ఫలితాన్ని వారం వారం బస్తీ బోర్డు మీద రాయించాలి.

4. పొంగిన మ్యాన్‌హోల్‌ను ఫిర్యాదు అందిన 24 గంటల్లోగా యంత్రాలతోనే బాగుచేయించాలి. మనిషిని లోపలికి దించవద్దు.

5. అల్సర్ లక్షణాలున్న పెద్దలకు, రక్తసంబంధీకుల్లో కడుపు క్యాన్సర్ ఉన్నవారికి ఈ బాక్టీరియాను గుర్తించే మల పరీక్షను బస్తీ దవాఖానాలో ఉచితంగా చేయించాలి. రక్త పరీక్షతో సరిపెట్టవద్దు. పాత ఇన్ఫెక్షన్‌కూ ఇప్పుడున్నదానికీ అది తేడా చెప్పలేదు.

6. బాక్టీరియా ఉందని తేలినవారికి 14 రోజుల మందుల కోర్సు పూర్తిగా ఒకేసారి ఇవ్వాలి. సగం మందులు వాడి ఆపితే బాక్టీరియా మొండికేస్తుంది. కోర్సు ముగిసిన నాలుగు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేసి, తగ్గిందో లేదో నిర్ధారించాలి.

7. అంగన్‌వాడీలో, బడిలో చేతులు కడుక్కోవడానికి నల్లా, సబ్బు ఉండాలి.

మందులిచ్చి, లైను వదిలేస్తే ప్రయోజనం ఉండదు. ఈ రెండు పనులూ కలిసి జరగాలి. నీటి సరఫరా ఇంజనీర్లు, వైద్యాధికారి ఒకే రోజున మా బస్తీకి వచ్చి చూసేలా 15 రోజుల్లోగా తేదీ ఖరారు చేసి, పనుల గడువును రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. లైను ఎక్కడెక్కడ మోరీలో మునిగి ఉందో ఇంటింటికీ తిరిగి చూపించే బాధ్యత మాది.

ఇట్లు,
బస్తీవాసులు
(సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది)

ప్రతులు: జిల్లా వైద్య ఆరోగ్యాధికారి గారికి, వార్డు కార్పొరేటర్ గారికి.