గోడకు ఆనిస్తేనే గండి!

ఎత్తు 40 మీటర్లు. అడుగున మందం 34 మీటర్లు. జర్మనీలో రాతితో కట్టిన మోనె డ్యామ్ అది. దాన్ని పగలగొట్టాలంటే ఎంత మందుగుండు కావాలి? రెండో ప్రపంచయుద్ధం తొలినాళ్లలో బ్రిటిష్ ఇంజినీరు బార్న్స్ వాలిస్ అనుకున్నది... పది టన్నుల బాంబు. దాన్ని మోసుకెళ్లే విమానమే అప్పట్లో బ్రిటన్ దగ్గర లేదు!

సరే, ముందు బొమ్మ డ్యామ్‌ని పేల్చి చూద్దామనుకున్నారు. లండన్‌కు ఉత్తరాన గార్‌స్టన్‌లోని భవన నిర్మాణ పరిశోధన కేంద్రంలో చిన్న చిన్న దిమ్మలు పేర్చి, అసలు దాంట్లో 50వ వంతు నమూనా కట్టారు (అదిప్పటికీ ఉంది). హార్మండ్స్‌వర్త్‌లోని రోడ్డు పరిశోధనశాలలోనూ ఇవే ప్రయోగాలు. గోడకు ఎడంగా పేలిస్తే పెద్దగా ఫలితం లేదు.

అసలు కిటుకు దొరికింది ఓ పాడైన నమూనాను వదిలించుకునేటప్పుడు! ఎ.ఆర్.కాలిన్స్ అనే పరిశోధకుడు మందును నీళ్లలో, గోడకే ఆనించి పేల్చాడు. ఎవరూ ఊహించనంతగా బద్దలైంది. దూరంగా పేలితే శక్తంతా నాలుగువైపులా నీళ్లలోకి పోతుంది. ఆనుకుని పేలితే, వెనకున్న నీరే అడ్డుగా నిలిచి దెబ్బను గోడమీదికి తోస్తుంది. 1942 జులైలో వేల్స్‌లో వాడకంలో లేని నాంట్-య-గ్రో అనే చిన్న డ్యామ్ మీద పరీక్షించారు. సుమారు 127 కిలోల మందుతో నడిమధ్య గండి పడింది.

1955లో వచ్చిన 'ది డ్యామ్ బస్టర్స్' సినిమా చూసినవాళ్లకు నీళ్లమీద గెంతుకుంటూ వెళ్లే బాంబు గుర్తుండే ఉంటుంది. ఆ గెంతులు టార్పెడో వలల్ని దాటడానికి. నాకు అంతకన్నా ముచ్చటేసేది దాని తిరుగుడు. నిమిషానికి 500 సార్లు, వెనక్కి! గోడను తాకి దూరంగా జరిగిపోకుండా, దాన్నే రాసుకుంటూ 9 మీటర్ల లోతుకు దిగి పేలేందుకు. మందు మూడు టన్నుల లోపే.

1943 మే 16 రాత్రి 19 లాంకాస్టర్ విమానాలు బయల్దేరాయి. మోనె, ఎడర్ డ్యాములు తెగాయి. మట్టికట్టగా పోసిన సోర్పె మాత్రం నిలిచింది. నమూనాలు చెప్పింది రాతిగోడ సంగతే మరి!

వెళ్లిన 133 మందిలో 53 మంది చనిపోయారు. కింద వరదలో పోయినవాళ్లు 1,200కు పైనే. వాళ్లలో సగానికి మించి జర్మన్లే కాదు... బలవంతంగా తెచ్చిన విదేశీ కూలీలు, యుద్ధఖైదీలు. నేహైమ్ దగ్గర శిబిరంలోనైతే సోవియట్ యూనియన్ నుంచి పట్టుకొచ్చిన మహిళలు వందల్లో కొట్టుకుపోయారు.

అట్లాంటిక్ తీరంలో రక్షణగోడ పనిలో ఉన్న కూలీల్ని వేలమందిని తరలించి, అక్టోబరు నాటికి మోనె గండి పూడ్చేశారు.