సూత్రమునకు ముందు చెవి

బడిమెట్టు ఎక్కని బిడ్డకు బొమ్మలు చూపి, "ఇది ఒక పులి; ఇవి రెండు..." అని ఆగినచో, "పులులు" అని వెంటనే అందుకొనును. పిల్లి పిల్లులగును, గది గదులగును. బహువచన ప్రత్యయమునకు ముందున్న ఇకారము ఉకారముగా మారుననియు, దానికొక సూత్రము కలదనియు ఆ బిడ్డకు తెలియదు. బిడ్డతో మాటలాడు తల్లికిని తెలియకపోవచ్చును. ఎవరును నేర్పకయే అది నాలుకపైకి వచ్చి కూర్చున్నది.

విన్న మాటలనే చిలుకవలె అప్పగించుచున్నదందురా? ఆ బిడ్డయే ఒక్కొక్కప్పుడు "కాలులు" అనవచ్చును. ఇంట ఎవరును అనని మాట! పెద్దలు నవ్వుదురు గాని, ఆ తప్పులోనే బిడ్డ పట్టుకొన్న నియమము బయటపడుచున్నది. 1958లో జీన్ బెర్కో అను అమెరికా పరిశోధకురాలు అర్థము లేని మాట నొకదానిని కల్పించి, పిట్టవంటి బొమ్మకు పేరుగా పెట్టి, అట్టివి రెండు చూపి పిల్లలచే ఆంగ్ల బహువచనము చెప్పించెను. మున్నెన్నడును వినని ఆ మాటకు వారిలో పెక్కుమంది సరియైన రూపమునే చెప్పిరి. 'గిబి' అను బొమ్మను గీచి, ఏ ఉపాధ్యాయుడైనను తన ఇంటిలోనే ఈ పరీక్ష చేసి చూడవచ్చును.

విచిత్రమేమనగా, ఆ బిడ్డయే పదేండ్ల తరువాత అదే సూత్రమును వ్రాయలేక పరీక్షలో సున్న తెచ్చుకొనును. తనకు తెలిసినదానికే అది పేరని ఎవరును చెప్పలేదు మరి.

ఛందస్సు గతియు ఇంతే. పూర్వము వీథిబడిలో గణముల పేరెఱుగని కుఱ్ఱవాడు సుమతి శతకమును కంఠస్థము చేసెడివాడు. కందపు నడక చెవిలో నాటుకొనెడిది. ఎచ్చటనైన ఒక మాత్ర జారినచో, ఏల జారెనో చెప్పలేకున్నను, జారినదని పసిగట్టెడివాడు. 1967లో ఆర్థర్ రీబర్ ప్రకటించిన పరిశోధనము దీనికి దగ్గఱగా నున్నది. ఒక గుప్తనియమము ననుసరించి కూర్చిన అక్షరమాలికలను కొందఱు కంఠస్థము చేసిరి. నియమమున్నదని వారికి ముందు చెప్పలేదు. పిమ్మట క్రొత్త మాలికలు చూపగా, నియమబద్ధమైనవేవో గ్రుడ్డి ఊహకు మించి గుర్తింపగలిగిరి. ఆ నియమమేమో మాత్రము చక్కగా వివరింపలేకపోయిరి.

నేడు పెక్కు తరగతులలో పద్యము నోటికెక్కక మునుపే గణవిభజన నల్లబల్ల నెక్కుచున్నది. గురులఘువులు గుర్తించిన విద్యార్థికి మార్కులు వచ్చును; పద్యము మాత్రము రాదు.

అట్లని సర్వమును చెవికే విడువరాదు. శషల భేదమును, ఒత్తక్షరములును వినికిడి మాత్రమున పట్టువడవు. పలువురి ఉచ్చారణలోనే అవి కలిసిపోయినవి. వ్రాయించి, దిద్ది, మరల వ్రాయింపవలసినదే. లిపి ఎవ్వరికిని నిద్రలో రాదు. కాని ఆటవెలది లక్షణము చెప్పబోవు ఉపాధ్యాయుడు మొదటి పావుగంట వేమన పద్యములు నాలుగు గొంతెత్తి చదివి, పిల్లలచే చదివించి, పిదప ఒకదానిలో కావలెనని ఒక అక్షరము చేర్చి చదివినచో, వెనుక బల్లనుండి ఎవరో ఒకరు "అక్కడ కుదరలేదండీ" అందురు. సుద్దముక్క చేతికి తీసికొనవలసినది అప్పుడు.