చీటీ అల్లాహ్ చేతిలో, వరుస మన చేతిలో

గురుకులాల ప్రవేశ ప్రకటన వెలువడగానే మా మదరసా వరండాకు తల్లిదండ్రుల రాక మొదలవుతుంది. ఆధార్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం చేతబట్టుకుని, "హజ్రత్, ఏ బడిని ముందు కోరుకోవాలి?" అని అడుగుతారు. గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూలులోనైనా ప్రశ్న ఇదే.

2016లో 71 పాఠశాలలతో ఆరంభమైన మైనారిటీ గురుకులాలు తరువాత 204కు పెరిగాయి. బాలురకు, బాలికలకు వేర్వేరుగా ఉన్న ఈ బడులలో ప్రధాన ప్రవేశం అయిదో తరగతిలో. నూటికి 75 సీట్లు మైనారిటీలకు, 25 ఇతరులకు. దరఖాస్తులు సీట్లను మించినచోట చీటీ తీయడం ఒక పద్ధతి; ముందు వచ్చినవారికి ముందు అనే నియమం పెట్టిన సంవత్సరాలూ ఉన్నాయి. కనుక నిరుటి మాట నమ్మక, ఆ ఏటి ప్రకటననే చదవాలి.

చీటీ జూదం కాదా అని కొందరు సందేహిస్తారు. కాదు. జూదంలో ఒకరి సొమ్ము మరొకరు కాజేస్తారు. ఇక్కడ సమాన హక్కుగల వారి మధ్య పక్షపాతం లేకుండా పంపకం జరుగుతుంది. హజ్రత్ మర్యమ్ సంరక్షణ ఎవరిదన్న వివాదం కలాలు వేసి తేల్చుకున్న వైనం ఖుర్ఆన్‌లో ఉంది. దైవప్రవక్త (స) ప్రయాణానికి బయలుదేరేముందు సతీమణుల మధ్య చీటీ వేసేవారు. కాబట్టి ఫలితం గురించి బెంగ వద్దు. మనం లెక్క చెప్పవలసింది మన వరుసకు.

ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక సోదరుడు కుమారుని దరఖాస్తుతో వచ్చారు. పక్కింటి అబ్బాయి చదివే బడి తప్ప మరొకటి ఆయన మనసులో లేదు. "రాకుంటే ఏం చేస్తారు?" అని మేము అడగలేదు. "అల్లాహ్‌పై భారం వేయండి" అని దీవించి పంపాము. ఆయన అప్పటికే పాత బడి నుంచి టీసీ తీసుకున్నారు. చీటీలో పేరు రాలేదు. తిరిగి పాత బడి గడప తొక్కడం నామోషీ అనిపించింది. ఆ బాలుడు ఏడాదంతా మేనమామ పంక్చర్ దుకాణంలో గడిపాడు. ముందు ఒంటెను కట్టు, ఆపై అల్లాహ్‌ను నమ్ము అన్న ప్రవక్త (స) బోధను ఏటా పిల్లలకు నేర్పే మేము, ఆ రోజు కట్టు సంగతి మరిచాము.

అందుకే ఇప్పుడు ఒక మాట చెబుతున్నాము. దరఖాస్తులో ఒకే బడికి చోటున్నా, ఇంట్లో కాగితం మీద మూడు రాయండి.

మొదటిది, బిడ్డకు నిజంగా మేలని మీరు నమ్మినది. సీటు దొరకదేమోనన్న భయంతో ఇష్టంలేని బడిని ముందు పెట్టకండి. పేరు విని కాదు, వెళ్లి చూసి రాయండి. నీళ్లు, స్నానపు గదులు ఎలా ఉన్నాయి? రాత్రి పిల్లల దగ్గర ఎవరుంటారు? నమాజుకు, ఉర్దూకు వీలుందా? అమ్రాబాద్ నుంచో అలంపురం నుంచో వెళ్లే బిడ్డను చూడడానికి తల్లి ఎన్ని బస్సులు మారాలి?

రెండోది, కొంత తక్కువైనా మీరు సంతోషంగా పంపగలిగినది.

మూడోది, చీటీతో పనిలేనిది. ఊరి ప్రాథమిక పాఠశాలలో అయిదు ముగించి, ఆరులో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వెళ్లవచ్చు. పై తరగతుల్లో ఖాళీలు ఏర్పడితే గురుకులాలు మళ్లీ దరఖాస్తులు పిలుస్తాయి. సీటు చేతికి వచ్చేవరకు టీసీ తీసుకోకండి.

కుమారునికి మూడు దారులు వెతికే ఇళ్లలో కుమార్తెకు ఒక్కటే వెతకడం మేము చూస్తున్నాము. అది రాకుంటే "ఇక ఇంట్లోనే ఉండనీ" అంటారు. ఆమె కాగితం మీద కూడా మూడు ఉండాలి. ఆరో తరగతి నుంచి కస్తూర్బా బాలికా విద్యాలయాలు ఉన్నాయని గుర్తుంచుకోండి. సంతానం అమానత్. ఆ అమానత్‌లో కొడుకుకు ఒక తూకం, కూతురుకు ఒక తూకం లేవు.

వరుస రాసేటప్పుడు భార్యతో సంప్రదించండి, బిడ్డనూ అడగండి. రెండు రకాతులు నమాజు చేసి ఇస్తిఖారా దువా చదవండి. ఆ తరువాత ఏ పేరు వచ్చినా అల్‌హమ్దులిల్లాహ్ అని, జూన్‌లో బిడ్డ చేయి పట్టుకుని ఆ బడికే నడవండి. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక. ఆమీన్.