నోటిమాటయా, దస్తావేజా?

అణ్వస్త్రపరీక్షలను సమగ్రముగ నిషేధించు ఒడంబడిక 1996 వ సంవత్సరము సెప్టెంబరు 24 వ తేదీన సంతకములకై తెరువబడినది. నాటినుండి 187 రాజ్యములు దానిపై చేవ్రాలు చేసినవి. భారతదేశము చేయలేదు. మరల పరీక్షింపబోమని మాత్రము 1998 వ సంవత్సరమునుండి మన ప్రభుత్వములన్నియు, కక్షాభేదము లేక, చెప్పుచునే యున్నవి. చేవ్రాలు నిరాకరించుట న్యాయమనియే మా అభిప్రాయము. కాని నిరాకరించిన పిదప మనము చేసినదేమి యని ప్రశ్నించుకొన్నచో తృప్తికరమగు సమాధానము దొరకుట లేదు.

జెనీవాలోను న్యూయార్కులోను జరుగు ఈ వాదోపవాదములతో మనకేమి పని యని అల్వాలు వాస్తవ్యులు అనుకొందురేమో. వారి యూరికి ఆగ్నేయముగ రెండుమూడు కోసుల దూరమున, మౌలాలి ప్రాంతమున, 1971 వ సంవత్సరమున స్థాపింపబడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు కలదు. గనులనుండి వచ్చిన యురేనియమును శుద్ధిచేసి, గుళికలుగ మార్చి, జిర్కోనియము గొట్టములలో కూర్చి మన అణువిద్యుత్కేంద్రములకు పంపునది ఆ కర్మాగారమే. 2008 కు పూర్వము దేశమున యురేనియమునకు ఎంత కరవు వచ్చెననగా పెక్కు కేంద్రములు పూర్తి శక్తితో నడువజాలకపోయెను. ఆ యేడు సెప్టెంబరు 5 వ తేదీన నాటి విదేశాంగమంత్రి ప్రణబ్ ముఖర్జీగారు, పరీక్షల విషయమున మన స్వచ్ఛంద విరామమునకు కట్టుబడి యున్నామని ప్రకటించిరి. మరునాడే వియన్నాలో అణుసరఫరాదారుల కూటమి మనకు మినహాయింపు నిచ్చినది. ఇది కాకతాళీయమని ఎవరును నమ్మరు. 2009 నుండి ఫ్రాన్సు, రష్యా, కజకిస్థానముల యురేనియము రాసాగినది. మనము మరల పరీక్ష చేసినచో సహకారము నిలిచిపోవునని అమెరికా 2006 లో చేసిన శాసనము చెప్పుచున్నది. అనగా పోఖ్రానులో భూమి కంపించినచో దాని తాకిడి మౌలాలిలోను తెలియును.

ఈ నిషేధపు కోరిక పుట్టినది పాశ్చాత్యుల యింట కాదు. 1954 మార్చి 1 వ తేదీన అమెరికావారు బికినీ దీవులయొద్ద ప్రేల్చిన బాంబు బూడిద జపాను బెస్తల పడవపై రాలినది. ఏప్రిలు 2 వ తేదీన నెహ్రూగారు లోకసభలో లేచి, నిరాయుధీకరణ ఆలస్యమైనను పరీక్షలనైనను తక్షణము నిలుపుడని అగ్రరాజ్యములను కోరిరి. వినినవారు లేరు. 1963 లో గాలిలోను, నీటిలోను, అంతరిక్షమునను పరీక్షలు మానుదమన్న ఒడంబడికకు మనము వెంటనే సమ్మతించితిమి. భూగర్భపరీక్షలను ఆ ఒడంబడిక విడిచిపెట్టినది. 1974 లోను 1998 లోను మనము చేసినవి భూగర్భపరీక్షలే గనుక ఆ మాట తప్పలేదు.

1993 లో సమగ్రనిషేధమును కోరు తీర్మానమును అమెరికాతో కలిసి ప్రతిపాదించిన భారతదేశమే 1996 లో అడ్డు నిలుచుట చూచి లోకము ఆశ్చర్యపడినది. ఆశ్చర్యమునకు తావు లేదు. ఆ మూడేండ్లలో ఒడంబడిక స్వరూపమే మారిపోయినది. వేయికి పైగా పరీక్షలు చేసిన అమెరికా, ఏడువందలకు పైగా చేసిన రష్యా, విస్ఫోటనము లేకుండ ప్రయోగశాలలోను గణకయంత్రముల మీదను అస్త్రములకు మెరుగు పెట్టుకొను నేర్పు సంపాదించినవి. అట్టి ప్రయోగములకు ఒడంబడికలో నిషేధము లేదు. ఫ్రాన్సు 1996 జనవరిలో తన కడపటి పరీక్ష ముగించినది. చైనా జూలై 29 వ తేదీవరకు ప్రేల్చుచునే యుండినది. విందు ముగించినవారు చేతులు కడుగుకొని, ఇక వంటయిల్లు మూయవలయునని తీర్మానించినట్లున్నది. తమ అస్త్రములను ఏ కాలమునకు విసర్జింతురో చెప్పుడని మనవారు అడిగిన ప్రశ్నకు సమాధానము రాలేదు.

అంతటితో పోలేదు. మేము చేరమని 1996 జూన్ 20 వ తేదీన మన ప్రతినిధి అరుంధతీ ఘోష్‌గారు జెనీవాలో స్పష్టముగ చెప్పిన పిదప కూడ, ఒడంబడిక అమలులోనికి వచ్చుటకు సమ్మతింపవలసిన 44 దేశముల పట్టికలో మన పేరు చేర్చిరి. అడుగకయే ఒకని పేర దస్తావేజు వ్రాసి వ్రేలిముద్ర వేయుమనుట యిది. సెప్టెంబరు 10 వ తేదీన సర్వప్రతినిధిసభలో 158 దేశములు అనుకూలముగను, భారతము, భూటాను, లిబియా ప్రతికూలముగను వోటు చేసినవి. ఆ ఒంటరితనమునకు మనము సిగ్గుపడనక్కరలేదు.

ఈ సందర్భమున మన తెలుగువారగు పి. వి. నరసింహారావుగారిని స్మరింపక తప్పదు. 1995 డిసెంబరులో పోఖ్రానులో సన్నాహములు జరుగుచుండగా అమెరికా ఉపగ్రహములు పసిగట్టినవి, వార్త న్యూయార్కు పత్రికకెక్కినది, పరీక్ష జరుగలేదు. మౌనముననే పెక్కు పనులు నడిపిన ఆయన, ఇందును తన మనసు పూర్తిగ విప్పకయే 2004 లో కన్నుమూసిరి. 1998 మే 11, 13 తేదీలలో వాజపేయిగారి ప్రభుత్వము ఆ పని పూర్తిచేసి, వెంటనే విరామము ప్రకటించినది.

ఆ విరామము నేటికిని నోటిమాటగనే యున్నది. హైడ్రోజను బాంబు అనుకొన్నంత శక్తి చూపలేదని, మరల పరీక్షింపవలయునని, 1998 పరీక్షలలో పాల్గొన్న శాస్త్రజ్ఞుడు సంతానంగారే 2009 లో అనిరి. ప్రభుత్వ శాస్త్రజ్ఞులు కాదనిరి. చేతులు కట్టుకొనరాదనువారి వాదమునకు ఇది మూలము. వారి దేశభక్తిని మేము శంకింపము. కాని వారు మౌలాలి లెక్క చూచినట్లు తోచదు. మనము పరీక్షించినచో పాకిస్థానము ఊరకుండునా? చైనాకు మరల ప్రారంభించుటకు సాకు దొరకదా? నలువదియైదు పరీక్షలు చేసిన చైనా ఇంకొక పదింట పొందు లాభము మన లాభముకంటె తక్కువ కాదు.

కాలము కూడ మారినది. అమెరికా సెనేటు 1999 లో ఈ ఒడంబడికను త్రోసిపుచ్చినది. రష్యా 2023 నవంబరులో తన ఆమోదమును ఉపసంహరించుకొన్నది. 2025 అక్టోబరు 30 వ తేదీన అధ్యక్షుడు ట్రంపు పరీక్షలు ప్రారంభింప నాజ్ఞాపించితినని ప్రకటించి లోకమును కలవరపెట్టగా, విస్ఫోటనములుండవని ఆయన మంత్రియే సర్దిచెప్పవలసి వచ్చెను. మనకు నీతులు చెప్పినవారే గట్టు తెంచుచున్నారు.

అల్వాలులో నూరు గజముల స్థలము కొనువాడును నోటిమాట నమ్మి ఊరకుండడు. మేడ్చలు రైతులు తాతలనాటి మాటలపై విడిచిన గట్లకొరకు మనుమల కాలమున కోర్టులకెక్కుట మేమెరుగుదుము. పరుల దస్తావేజుపై చేవ్రాలు వలదు, సరే. మన దస్తావేజును మనము ఏల వ్రాసికొనరాదు? ఇతరులు పరీక్షింపనంతకాలము తాము పరీక్షింపమని పార్లమెంటు ఉభయసభలు తీర్మానింపవలయును. ఆ తీర్మానమును చేతబట్టుకొని మన ప్రతినిధి ఐక్యరాజ్యసమితికి పోయి, 1954 నాటి విన్నపమును మరల వినిపించి, అణ్వస్త్రములుగల తక్కిన ఎనిమిది రాజ్యములను అట్టి మాటనే వ్రాతపూర్వకముగ నిమ్మని అడుగవలయును. షరతు తప్పినదో లేదో నిర్ణయించు అధికారము పార్లమెంటునకు ఉండవలయును. 1974 లోను 1998 లోను మంత్రులలో పెక్కురకే సంగతి ముందుగ తెలియదు. పరీక్ష తేదీ రహస్యముగ నుండవచ్చును. విరామము ముగిసినదను మాట మాత్రము సభలో బహిరంగముగ చెప్పవలసినదే.